గర్జనకు హద్దు



పాశ్చాత్య దేశములయందు రాక్ అనియు, మెటల్ అనియుఁ బేర్కొనఁబడు సంగీతము కలదు. విద్యుత్ గిటారులును, పెద్ద డ్రమ్ములును దానికిఁ బ్రధానములు. గర్జించుటయే దాని స్వభావము. అట్టి సంగీతము సయితము గర్జన మితిమీఱుటచేతఁ జెడిన వృత్తాంతమును నేఁడు మనవి చేసెదను.

గాత్రమును వాద్యములను గలిపి పాట సిద్ధము చేసిన పిమ్మట, లోకమునకు విడుచుటకు ముందు దానికిఁ గడపటి సంస్కార మొకటి జరుగును. దానిని మాస్టరింగు అందురు. గ్రంథము అచ్చునకుఁ బోవుటకు ముందు పండితుఁడు ప్రతిని పరిష్కరించుట వంటిది.

గ్రామఫోను పళ్లెముల కాలమున ఈ సంస్కర్తకుఁ బళ్లెమే హద్దు నేర్పెను. 1948లో వెలువడిన ఎల్పీ పళ్లెముపై ధ్వని గాడిగాఁ జెక్కఁబడును. ధ్వని హెచ్చినకొలఁది గాడి వంపులు విస్తరించును. చోటు చాలక పాటల నిడివి తగ్గును. మితిమీఱిన ముల్లు గాడి తప్పును.

1982లో సీడీ పుట్టెను. అందు గాడికి బదులు అంకెలు. దానికిని దాటరాని పై మితి యొకటి కలదు. అయినను లిమిటరు అను సాధనముచే ధ్వని శిఖరముల నణఁచి, తక్కినదాని నెల్ల పై కెత్తవచ్చును. రెండు పాటలను వరుసగా వినినచో బిగ్గరగా నున్నదే మేలని చెవికిఁ దోఁచును. కావున ఒకరిని మించి యొకరు ధ్వనిని హెచ్చించిరి.

2008లో అమెరికా దేశపు మెటాలికా బృందము ‘డెత్ మాగ్నెటిక్’ అను సంపుటిని వెలువరించెను. అందు డ్రమ్ము దెబ్బలు చదునై, ధ్వని పగిలినట్లు వినవచ్చెను. ఆ పాటలే ‘గిటార్ హీరో’ అను యంత్రక్రీడలో అంతగా అణఁపఁబడక యుండెను. రెంటిని బోల్చి చూచిన యభిమానులు 10,000కుఁ బైగాఁ జేవ్రాళ్లు చేసి, మరల సంస్కరింపుఁడని కోరిరి. మాస్టరింగు చేసిన టెడ్ జెన్సెన్, తనకడకు వచ్చునప్పటికే ధ్వని యణఁగియున్నదని తెలిపెను.

2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘము చెవికిఁ దోఁచు బిగ్గఱతనమును గణించు పద్ధతిని బ్రకటించెను. 2010లో ఐరోపా ప్రసార సంఘము దాని ననుసరించి ప్రమాణ మేర్పఱచెను. నేఁడు పాటల నందించు పెక్కు సంస్థలు బిగ్గరపాటను దామే తగ్గించి వినిపించుచున్నవి. ఇఁక నఱచినందువలన లాభము లేదు. అణఁచివేసిన దెబ్బల బిగువు మాత్రము తిరిగి రాదు.

ఎల్లప్పుడు బిగ్గరగాఁ జెప్పు పాఠమును పిల్లలు వినరని బడిపంతులుగా నే నెఱుఁగుదును. పౌరాణికుఁడు గొంతు తగ్గించినపుడే సభ చెవియొగ్గును. ప్రక్కన మెల్లని పలుకుండిననే గర్జనకు బలము.