అంగడిలో నిశ్శబ్ద గంట

బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో కొన్ని పెద్ద దుకాణాలు వారంలో ఒక నిర్ణీత సమయాన పాటలు ఆపి, దీపాల వెలుగు తగ్గించి, మైకు ప్రకటనలు మాని, బిల్లు యంత్రాల చప్పుడు అణచి అమ్మకాలు సాగిస్తాయి. ఆటిజం ఉన్న పిల్లలను వెంటబెట్టుకొని వెచ్చాలు కొనుక్కొనే కుటుంబాలను దృష్టిలో పెట్టుకొని ఏర్పడిన ఈ పద్ధతిని క్వైట్ అవర్, అంటే నిశ్శబ్ద గంట, అంటారు. ఇది 2016 తరువాతే వ్యాప్తిలోకి వచ్చినా, దీని అవసరం మాత్రం అంతకు ముందు నూరేళ్లుగా పేరుకుంటూ వచ్చింది.

పూర్వం కొనుగోలుదారు బల్లకు ఇవతల నిలబడి చీటీ చదివితే, అవతల ఉన్న కొట్టువాడు సరుకులు తూచి పొట్లం కట్టి ఇచ్చేవాడు. తెలుగునాట కిరాణా కొట్లలో నేటికీ ఉన్న ఈ ఏర్పాటులో పిల్లవాడు నిలబడవలసిన చోటు ఒక్కటే, ఎదురుపడే ముఖమూ చాలావరకు ఒక్కటే. 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ తెరిచిన పిగ్లీ విగ్లీ దుకాణం, కొనేవారే అరల మధ్య తిరిగి సరుకులు ఏరుకొనే పద్ధతిని ప్రవేశపెట్టి ఆ ఏర్పాటును మార్చివేసింది. 1937లో ఓక్లహోమాలో సరుకులు వేసుకొని తోసుకొనే చక్రాల బండి వచ్చింది; 1930ల చివర అమ్మకానికి వచ్చిన ట్యూబులైట్లు క్రమంగా దుకాణాల పైకప్పులను నింపాయి; నేపథ్య సంగీతమే ఒక వ్యాపారమైంది. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్‌తో బార్‌కోడ్ వాడుక మొదలైన తరువాత, సరుకు సరుకుకూ యంత్రం కూత పెట్టడం కొనుగోలులో భాగమైపోయింది. ఈ మార్పులన్నీ అమ్మకం పెరగడానికో, పని తొందరగా సాగడానికో వచ్చినవే గాని, వాటిని భరించలేని చెవి, కన్ను ఉంటాయన్న ఆలోచన వాటి వెనుక లేదు.

అలాంటి చెవులూ కళ్లూ ఉన్నాయని వైద్యశాస్త్రానికి తెలియకపోలేదు. బాల్టిమోర్‌లో పనిచేసిన మనోవైద్యుడు లియో కానర్ 1943లో పదకొండు మంది పిల్లలను వర్ణిస్తూ ఆటిజాన్ని ప్రత్యేక స్థితిగా గుర్తించినప్పుడే, పెద్ద చప్పుళ్లు, కదిలే వస్తువులు వారిని భయపెట్టడాన్నీ, అలవాటైన క్రమం చెదిరితే వారు తల్లడిల్లడాన్నీ నమోదు చేశాడు. అయితే తరువాతి రెండు దశాబ్దాల చర్చ తల్లిదండ్రుల మీదికి మళ్లి, తల్లి ప్రేమలోని లోపమే ఆటిజానికి కారణమన్న నిరాధారమైన వాదం బలపడింది. 1967లో మనస్తత్వవేత్తగా పేరొందిన బ్రూనో బెటెల్‌హైమ్ గ్రంథం దానికి మరింత ప్రచారం కల్పించింది. ఫలితంగా, అంగడిలో నేలమీద పడి ఏడ్చే బిడ్డను చూసినవారు ఆ తల్లి పెంపకాన్నే తప్పుపట్టారు. నిజానికి మారాం వేరు, మెల్ట్‌డౌన్ వేరు: మారాం కోరిన వస్తువు చేతికి రాగానే సద్దుమణుగుతుంది; కాని వెలుగులు, శబ్దాలు, వాసనలు ఒక్కసారిగా మీదపడి తట్టుకొనే శక్తి నశించినప్పుడు కలిగే మెల్ట్‌డౌన్ ఏ మిఠాయి ఇచ్చినా ఆగదు. 1962లో లండన్‌లో తల్లిదండ్రులే ఒక సంఘంగా ఏర్పడడం, 1964లో స్వయంగా ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి అయిన మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ ఆ నింద తప్పని గ్రంథరూపంలో వాదించడం ఆలోచనను మలుపు తిప్పాయి. అమెరికా మనోవైద్యుల నిర్ధారణ గ్రంథంలో ఇంద్రియాల అతిస్పందన ఆటిజం లక్షణాల జాబితాకెక్కింది మాత్రం 2013లో, అంటే కానర్ రాసిన డెబ్భై ఏళ్లకు.

అంగడి చరిత్ర, ఆటిజం చరిత్ర 2016లో బ్రిటన్‌లోని మాంచెస్టర్‌లో కలుసుకొన్నాయి. అక్కడ ఆస్డా సంస్థకు చెందిన దుకాణం ఒకటి ఒక శనివారం మామూలు వేళకు ముందే తలుపులు తెరిచి, సంగీతం, టీవీలు, కదిలే మెట్లు ఆపివేసింది. మరుసటి ఏడాది బ్రిటన్‌లోని నేషనల్ ఆటిస్టిక్ సొసైటీ ఈ ప్రయత్నాన్ని దేశవ్యాప్తం చేసింది. అదే ఏడాది ఆస్ట్రేలియాలో కోల్స్ సంస్థ, 2018లో బ్రిటన్‌లోని మారిసన్స్ ఆ బాట పట్టాయి. 2016లోనే బ్రిటన్‌లోని గాట్‌విక్ విమానాశ్రయంలో మొదలైన పొద్దుతిరుగుడు పూల మెడపట్టీ, పైకి కనబడని వైకల్యం ఉన్నదని సిబ్బందికి మాటలు లేకుండానే తెలిపే గుర్తుగా స్థిరపడింది. అయినా ఈ సదుపాయాలకు హద్దులున్నాయి. మందుల చీటీ, తపాలా పని, క్షౌరం వంటి నిత్యావసరాలు నిర్ణీత గంట కోసం ఆగవు. ఆ గంట తెల్లవారుజామున పడితే కొన్ని కుటుంబాలకు అది ఉన్నా లేనట్టే.

భారతదేశంలో 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజాన్ని పేర్కొనగా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దానిని ఇరవైయొక్క వైకల్యాల్లో ఒకటిగా చేర్చి, సహేతుక సర్దుబాటు అన్న భావనను, అనగా మోయలేని భారం కానంతవరకు ఆ వ్యక్తి అవసరానికి తగిన మార్పు చేయడాన్ని, నిర్వచించింది. తెలుగు పట్టణాల్లో కిరాణా బల్ల స్థానాన్ని సూపర్ మార్కెట్ ఆక్రమిస్తున్న ఈ కాలంలో ఆ భావన అంగడి గడప దాటి లోపలికి రావాలి. పాట ఆపడానికి, సగం దీపాలు ఆర్పడానికి ఖర్చు లేదు. వరుసలో ముందున్నవారు ఒక్క అడుగు పక్కకు జరిగి అలాంటి బిడ్డతో వచ్చిన తల్లికి దారి ఇవ్వడానికి ఏ చట్టమూ అవసరం లేదు.