గుండె ఆపరేషన్‌లో గుండెను ఎందుకు ఆపుతారు, ఎలా కాపాడతారు?

మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో గుండె ఆపరేషన్ అంటే చాలామంది అత్తిబెలె దాటి బొమ్మసంద్రకో, బెంగళూరు జయదేవకో పోతారు. కృష్ణగిరి వైపువారు వాణియంబాడి, ఆంబూరు మీదుగా వేలూరు సి.ఎం.సి.కి కూడా పోతారు. అక్కడ డాక్టరు "గుండెను కాసేపు ఆపి పని చేస్తాం" అనగానే ఇంటివాళ్ళకు కాళ్ళూ చేతులూ ఆడవు. ఆపిన గుండె మళ్ళీ కొట్టుకుంటుందా అన్న భయంతో తేదీ వాయిదా వేసుకునేవారు ఉన్నారు. చెడిపోయిన కవాటం, మూసుకుపోయిన ధమని మాత్రం మన వాయిదాల కోసం ఆగవు.

అందుకే ఈ విషయాన్ని మన భాషలో వివరంగా ఇస్తున్నాం. ముందుగా ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఇటువంటి ఆపరేషన్లలో గుండెను ఆపడం ఆ గుండెను కాపాడడంలో భాగమే.

ఎందుకు ఆపుతారు?

గుండె ఒంటికంతా రక్తం పంపుతుంది. తన కండరానికి కావలసిన రక్తాన్ని మాత్రం బృహద్ధమని మొదట్లో పుట్టే రెండు కరోనరీ ధమనుల ద్వారా తీసుకుంటుంది. కవాటం మార్చాలన్నా, గుండె లోపలి రంధ్రం మూయాలన్నా గుండె కదలకూడదు, లోపల రక్తం ఉండకూడదు. ఆ సమయంలో ఒంటికి రక్తం పంపే పనిని, ఆ రక్తానికి ఆక్సిజన్ కలిపే పనిని హార్ట్-లంగ్ మెషిన్ చేస్తుంది. దాన్ని నడిపే నిపుణులను పర్ఫ్యూజనిస్టులు అంటారు.

తరువాత సర్జను బృహద్ధమనికి క్లాంప్ వేస్తారు. దాంతో మెదడు, మూత్రపిండాలు మొదలైన అవయవాలకు యంత్రం నుంచి రక్తం అందుతూనే ఉంటుంది, గుండె కండరానికి మాత్రం అందదు. అటువంటప్పుడు గుండెను కొట్టుకోనిస్తే, రాబడి లేని ఇంట్లో ఖర్చు తగ్గించనట్టే. ఉన్న శక్తి అయిపోయి కండరం దెబ్బతింటుంది. గుండెను నిలిపేస్తే దాని ఆక్సిజన్ అవసరం సుమారు 90 శాతం తగ్గుతుంది. చల్లబరిస్తే ఇంకా తగ్గుతుంది.

ఎలా ఆపుతారు?

దీనికి వాడే ద్రవాన్ని కార్డియోప్లీజియా అంటారు. అందులో ముఖ్యమైనది పొటాషియం. మామూలుగా మన రక్తంలో లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్ వరకు ఉండే పొటాషియం, ఈ ద్రవంలో చాలా ఎక్కువగా ఉంటుంది. క్లాంప్‌కు కింద, బృహద్ధమని మొదట్లోకి దీన్ని ఎక్కిస్తే కరోనరీ ధమనుల్లోకి పోతుంది. గుండె సడలిన స్థితిలో నిలిచిపోతుంది.

బృహద్ధమని కవాటం కారుతున్నవారిలో ద్రవం కండరానికి చేరకుండా గుండె గదిలోకి జారిపోతుంది. అప్పుడు కరోనరీ ధమనుల నోళ్ళలోకే నేరుగా ఇస్తారు, లేదా గుండె సిరల వైపు నుంచి వెనక్కు ఎక్కిస్తారు.

కొన్ని రకాల ద్రవాన్ని సుమారు 20 నిమిషాలకు ఒకసారి మళ్ళీ ఇవ్వాలి. డెల్ నిడో అనే రకం ఒక్క మోతాదు సుమారు 90 నిమిషాలు కాపాడుతుంది. మొదట పిల్లల ఆపరేషన్లకు వచ్చిన ఈ రకాన్ని ఇప్పుడు పెద్దలకూ వాడుతున్నారు. పని అయిన తరువాత క్లాంప్ తీస్తే రక్తం వచ్చి పొటాషియాన్ని కడిగేస్తుంది. చాలామందిలో గుండె తనంతట తానే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. కొందరికి చిన్న కరెంటు షాకు అవసరమవుతుంది.

రక్తం తిరిగి వచ్చే ఆ ఘడియ కూడా సున్నితమైనదే. ఆకలితో ఉన్న కండరంలోకి ఒక్కసారిగా ఆక్సిజన్, కాల్షియం చేరడం వల్ల కూడా గాయం కావచ్చు. కొన్నిచోట్ల క్లాంప్ తీసే ముందు గోరువెచ్చని రక్తం కలిపిన ద్రవం ఇచ్చేది అందుకే.

ఈ పద్ధతి ఎలా వచ్చింది?

1953 మే 6న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ హార్ట్-లంగ్ మెషిన్‌తో మొదటి విజయవంతమైన ఆపరేషన్ చేశారు. 1955లో ఇంగ్లండులో మెల్‌రోజ్ పొటాషియం సిట్రేట్‌తో గుండెను ఆపవచ్చని చూపారు. అయితే అప్పుడు వాడిన గాఢత చాలా ఎక్కువ. గుండె కండరం దెబ్బతినడంతో ఆ పద్ధతిని వదిలేశారు. మందు సరైనదే, మోతాదు తప్పు.

తరువాత చాలాచోట్ల చల్లదనం మీద ఆధారపడ్డారు. 1972లో డెంటన్ కూలీ బృందం ఆపరేషన్ తరువాత బిగుసుకుపోయి మళ్ళీ సడలని గుండెల గురించి రాసి, దానికి రాతి గుండె అని పేరు పెట్టింది. కాపుదల చాలకపోతే ఏమవుతుందో అందరికీ అర్థమయింది. 1970లలో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెర్స్, బ్రెయిమ్‌బ్రిడ్జ్ తక్కువ మోతాదు పొటాషియంతో కొత్త ద్రవం తయారు చేశారు. అదే దశాబ్దం చివర అమెరికాలో బక్‌బర్గ్ రక్తాన్నే ఈ ద్రవంలో కలిపి ఇచ్చే పద్ధతిని ముందుకు తెచ్చారు. నేటి పద్ధతులు చాలావరకు వీటి మీద నిలిచినవే.

మన దగ్గర

వేలూరు సి.ఎం.సి.లో 1949లో రీవ్ బెట్స్ ఛాతీ శస్త్రచికిత్స విభాగం మొదలుపెట్టారు. దేశంలో ఓపెన్ హార్ట్ సర్జరీకి దారి వేసిన చోట్లలో అదొకటి. 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో కె.ఎం. చెరియన్ దేశంలో మొదటి కరోనరీ బైపాస్ చేశారు.

తెలుగువారు గర్వించవలసిన పేరు పనంగిపల్లి వేణుగోపాల్. రాజమండ్రిలో పుట్టిన ఆయన 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలో మొదటి గుండె మార్పిడి చేశారు. ఈ కాపుదలకు అసలు పరీక్ష గుండె మార్పిడిలోనే. దాత గుండెను చల్లని ద్రవంతో ఆపి, మంచు పెట్టెలో పెట్టి తీసుకుపోతారు. సుమారు 4 గంటల లోపల కొత్త ఒంట్లో రక్తం అందాలి. అంబులెన్సుకు రోడ్డంతా ఖాళీ చేసి ఇచ్చేది ఆ నిమిషాల కోసమే.

అందరికీ గుండె ఆపుతారా?

లేదు. స్టెంట్ వేయడానికి గుండెను ఆపరు. బైపాస్‌ను కూడా కొందరికి కొట్టుకుంటున్న గుండె మీదే చేస్తారు. కవాటం మార్పుకు, రంధ్రం మూతకు ఛాతీ తెరిచి చేస్తే మాత్రం సాధారణంగా ఆపవలసిందే. ఎవరికి ఏది అన్నది సర్జను తేల్చాలి.

ఎంత కాపాడినా గుండె కొన్ని గంటలు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు మందకొడిగా ఉండవచ్చు. ఐ.సి.యు.లో మందులతో దానికి ఆసరా ఇస్తారు. ముందే గుండె బలం తగ్గినవారికి, వయసు పైబడినవారికి, షుగరు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, ఆపరేషన్ ఎక్కువసేపు పట్టేవారికి అపాయం ఎక్కువ.

ఇంటివాళ్ళు చేయవలసినవి

1. బీడీ, సిగరెట్టు వెంటనే మానిపించండి.
2. షుగరు, బీపీ అదుపులో ఉంచండి. రక్తహీనత ఉంటే ముందే చూపించండి.
3. వాడే మందులన్నీ, నాటు మందులతో సహా, కాగితం మీద రాసి చూపండి. రక్తం పలుచబడే మందు ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. సొంతంగా ఏ మందూ ఆపవద్దు.
4. డాక్టరును ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. మా వాళ్ళ గుండె బలం ఎంత ఉంది? గుండెను ఆపుతారా, కొట్టుకుంటుండగానే చేస్తారా? సుమారు ఎంతసేపు ఆపుతారు? ఆలస్యం చేస్తే నష్టమేమిటి?
5. తమిళనాడు ముఖ్యమంత్రి ఆరోగ్య బీమా కార్డు ఉన్నవారు, అది ఆ ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. రాష్ట్రం దాటి బెంగళూరుకు పోయేవారికి ఇది మరీ ముఖ్యం.

చివరిగా భాష సంగతి. మన అవ్వాతాతలకు తెలుగు తప్ప వేరే చదువు రాదు. మన మనుమలకు బడిలో తెలుగు అందక తెలుగు చదవడం రాదు. ఒప్పుకోలు పత్రం తమిళంలోనో, కన్నడంలోనో, ఇంగ్లీషులోనో ఉంటుంది. అర్థం కాని కాగితం మీద వేలిముద్ర వేయించవద్దు. రోగికి తెలిసిన భాషలో చెప్పమని అడగడం మన హక్కు. తెలుగు తెలిసిన నర్సునో, డాక్టరునో పిలవమని మర్యాదగా కోరండి. లేకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లలు పత్రం చదివి, ప్రతి మాటా తెలుగులో పెద్దలకు వినిపించి, వాళ్ళు సరే అన్న తరువాతే సంతకం పెట్టించాలి.