కొలువులో జీపు

ఇర్వింగ్‌లోని మన ఇళ్ళలో దసరాకు గాని, సంక్రాంతికి గాని బొమ్మల కొలువు తీర్చినప్పుడు పై మెట్లపై దేవుళ్ళు, కింది మెట్లపై కొండపల్లి అంబారీ ఏనుగు, కల్లుగీసేవాడు, ఎడ్లబండి ఉంటాయి. ఈ మధ్య కొన్ని ఇళ్ళలో వాటి నడుమ ఒక చిన్న పచ్చని మిలిటరీ జీపు కూడా కనబడుతున్నది. తాతగారు కొనుక్కున్నదో, మనవడు దాచుకున్నదో అయి ఉంటుంది. "యుద్ధపు బండికి కొలువులో ఏం పని?" అని పెద్దలు అడుగుతున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. జవాబు చెప్పాలంటే ముందు ఆ బండి చరిత్ర తెలియాలి.

1940 వేసవిలో అమెరికా సైన్యం ఒక తేలికపాటి బండి కావాలని 135 కంపెనీలను అడిగినది. నమూనా 49 రోజులలో ఇవ్వాలన్నది షరతు. ఆ గడువులో ఇవ్వగలిగినది పెన్సిల్వేనియాలోని బట్లర్ పట్టణానికి చెందిన బాంటమ్ అనే చిన్న కంపెనీ ఒక్కటే. కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరు నక్షాలు గీశాడు. సెప్టెంబరు 23న బండి మేరీలాండ్‌లోని సైనిక కేంద్రానికి చేరినది. అయితే పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్‌కు, ఫోర్డ్‌కు వెళ్ళినవి. కష్టం ఒకరిది, పంట మరొకరిది! యుద్ధం ముగిసేసరికి ఆ రెండు కంపెనీలు కలిసి సుమారు ఆరు లక్షల నలభై వేల జీపులు తయారు చేశాయి.

ఇక్కడ మన పిల్లలకు చెప్పవలసిన సంగతి ఒకటున్నది. ఫోర్డ్ జీపులు బిగించిన కర్మాగారాలలో ఒకటి డల్లాస్‌లో, ఈస్ట్ గ్రాండ్ అవెన్యూలో ఉండేది. మన ఇర్వింగ్‌కు అది ఎంతో దూరం కాదు. పిల్లల చేతిలోని బొమ్మకు అసలు బండి మన పొరుగున పుట్టినదే కావచ్చును.

బొమ్మ సంగతికి వద్దాము. ఇంగ్లాండులోని లివర్‌పూల్‌లో మెకానో కంపెనీ వారు డింకీ బొమ్మలు చేసేవారు. యుద్ధం అయిన తరువాత, 1946లో, వారు మిలిటరీ జీపు బొమ్మను విడుదల చేశారు. మొదట ఈ కంపెనీ బండ్లు బొమ్మ రైళ్ళ పక్కన పెట్టుకోవడానికి పుట్టినవి. ఆ రైళ్ళకు ఒక అడుగుకు ఏడు మిల్లీమీటర్ల లెక్క. దాని నుండే నలభై మూడో వంతు అనే కొలత వచ్చినది. అసలు జీపు పొడవు 132 అంగుళాలు, అంటే పదకొండు అడుగులు. నలభై మూడుతో భాగిస్తే మూడు అంగుళాల పైచిల్లర. జపాను వారి తమియా కంపెనీ ముప్పై ఐదో వంతు కొలత వాడుతుంది. అది మరీ తమాషా లెక్క. వారి మొదటి ట్యాంకు బొమ్మలో బ్యాటరీలు పట్టాలి గనుక ఆ సైజు కుదిరినదట!

బొమ్మ నిజాయితీని పరీక్షించాలంటే ముందు భాగంలోని నిలువు చీలికలు లెక్కపెట్టండి. ఫోర్డ్ వారి యుద్ధకాలపు జీపుకు తొమ్మిది. యుద్ధం తరువాత విల్లీస్ వారు జనానికి అమ్మిన జీపుకు ఏడు. ఏడు చీలికల బండిపై సైన్యపు తెల్ల నక్షత్రం వేసి 1944 అని రాస్తే, అది పొరపాటు బొమ్మ. ఇంకొక మాట. సేకరించేవారు పాత రంగు పెచ్చులూడినా సరే, మళ్ళీ రంగు వేయరు. వేస్తే విలువ పడిపోతుంది. పొణికి కర్రతో చేసిన మన కొండపల్లి బొమ్మకు రంగు వెలిస్తే ఇంట్లోనే కాస్త రంగు అద్దుకుంటాము, ఎవరూ తప్పు పట్టరు. మాకు ఆ పద్ధతే నచ్చుతుంది.

పెద్దల అభ్యంతరానికి మూలం వేరే ఉన్నది. మాది మలయా నుండి వచ్చిన కుటుంబం. 1941 డిసెంబరులో జపాను సైన్యం అక్కడ దిగినది. తరువాత రబ్బరు తోటల నుండి తెలుగువారిని, తమిళులను సయాం-బర్మా రైలుమార్గం పనికి తరలించారు. మా తాతగారి తోట నుండి వెళ్ళిన వారిలో చాలామంది తిరిగి రాలేదు. మా చిన్నతనంలో ఇంటికి ఒక జీపు బొమ్మ వస్తే మా నాయనమ్మ దానిని ఆడుకోనిచ్చినది గాని కొలువు మెట్టు ఎక్కనివ్వలేదు. "అది మనుషులను తీసుకుపోయే బండి" అనేది. ఏ సైన్యపు బండి అయినా ఆమెకు ఒక్కటే.

అదే కాలంలో ఆంధ్రదేశంలో జీపుకు మరొక అర్థం వచ్చినది. 1947 నుండి మహీంద్రా వారు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించసాగారు. 1952లో సమాజ వికాస పథకం, 1953లో మలేరియా నివారణ పథకం ప్రారంభమైనవి. రోడ్డు లేని ఊళ్ళకు వెళ్ళే బ్లాకు అధికారి, డి.డి.టి. కొట్టే సిబ్బంది, కలెక్టరుగారు, ఎన్నికల అభ్యర్థి, అందరిదీ జీపే. దుమ్ము లేపుకుంటూ వచ్చే ఆ బండి వెనుక పరుగెత్తని పిల్లలు ఆ తరంలో అరుదు. అదే చట్రం, అవే చక్రాలు. ఎక్కిన మనుషులు మారారు.

కాబట్టి మా అభిప్రాయం ఇది. జీపును కొలువులో ఉంచవచ్చును. అయితే రాముని పట్టాభిషేకం దగ్గర కాదు. కింది మెట్టుపై, ఎడ్లబండి పక్కన ఉంచండి. బొమ్మతో తుపాకి వస్తే తీసివేయండి. పక్కన చిన్న చీటీపై "డల్లాస్‌లోనూ తయారైన బండి" అని తెలుగులో రాయండి. రాయడం పిల్లల చేతే చేయించండి, అక్షరాలు వంకరపోయినా ఫరవాలేదు. వీలైతే మహీంద్రా జీపు బొమ్మ ఒకటి తెప్పించి దానికి జతగా పెట్టండి. అవి అక్కడి దుకాణాలలో దొరుకుతాయి, ఈసారి ఇండియా వెళ్ళేవారికి చెప్పి ఉంచండి.