నోటా

నోటా అంటే బరిలో ఉన్న అభ్యర్థుల్లో ఎవరూ తనకు సమ్మతం కారని ఓటరు రహస్యంగా తెలియజేసే ఓటు. భారత ఎన్నికల్లో ఇది 2013 నుంచి అమల్లో ఉంది. ఈవీఎంపై అభ్యర్థులందరి పేర్లూ అయ్యాక చివరి మీట దీనిదే. నల్లటి ఇంటూ గీత పడిన బ్యాలెట్ పత్రం దీని గుర్తు. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ రూపొందించిన ఈ గుర్తును ఎన్నికల సంఘం 2015లో ప్రవేశపెట్టింది. నచ్చనివారికి ఓటు వేయక్కర్లేకుండా, ఓటు మానేసి ఇంట్లో కూర్చోనక్కర్లేకుండా ఓటరుకు ఇదొక దారి చూపింది. అయితే ఎవరినైనా ఓడించే శక్తి మాత్రం ఈ ఓటుకు లేదు.

49-ఓ నుంచి నోటా దాకా

నోటాకు ముందు కూడా తిరస్కరణకు చట్టంలో చోటుండేది. ఎన్నికల నిర్వహణ నియమావళి, 1961లోని 49-ఓ నిబంధన అందుకు ఉద్దేశించినదే. అది అమలయ్యే తీరు మాత్రం ఓటరును వెనక్కి నెట్టేది. ఓటరు పోలింగ్ కేంద్రంలోకి వెళ్లి, వేలికి సిరా వేయించుకుని, 17-ఏ రిజిస్టర్‌లో సంతకం పెట్టాక, తాను ఎవరికీ ఓటు వేయనని అధికారికి నోరు తెరిచి చెప్పాలి. ప్రిసైడింగ్ అధికారి ఆ మాట రిజిస్టర్‌లో అతని పేరుకెదురుగా రాసి, దానికింద మళ్లీ సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. అదే గదిలో బల్ల దగ్గర పార్టీల ఏజెంట్లు కూర్చుని ఉంటారు. ఊళ్లో అందరూ ఎరిగిన మనిషి వాళ్ల ఎదుటే ఆ పని చేయాలంటే ఎంత తెగువ కావాలో చెప్పనక్కర్లేదు. ఈవీఎం వచ్చాక ఇబ్బంది ఇంకా పెరిగింది. కాగితపు బ్యాలెట్ రోజుల్లో ఖాళీ కాగితం మడిచి పెట్టెలో వేస్తే ఎవరికీ తెలిసేది కాదు. యంత్రంలో మీట నొక్కకపోతే బీప్ శబ్దం రాదు, గదిలో ఉన్నవారందరికీ సంగతి తెలిసిపోతుంది.

ఓటు వేసినవారికి ఉన్న గోప్యత వేయనివారికి ఎందుకు లేదని ప్రశ్నిస్తూ పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ 2004లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ప్రధాన న్యాయమూర్తి పి.సదాశివం నేతృత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2013 సెప్టెంబరు 27న తీర్పు ఇచ్చింది. గోప్యతను దెబ్బతీసేంత మేరకు 49-ఓ చెల్లదని తేల్చి, ఈవీఎంపై ప్రత్యేక మీట పెట్టాలని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. జనం పెద్ద సంఖ్యలో తిరస్కరిస్తున్నారని తెలిస్తే పార్టీలు మంచి అభ్యర్థులను నిలబెట్టక తప్పదన్న ఆశ ఆ తీర్పులో ఉంది. అదే ఏడాది చివర్లో ఢిల్లీ, రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మిజోరం శాసనసభ ఎన్నికల్లో నోటా మొదటిసారి కనిపించింది.

లెక్కింపులో స్థానం

లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో నోటా ఓట్లను లెక్కించి ప్రకటిస్తారు, అంతకు మించి వాటి ప్రభావం ఏమీ ఉండదు. అందరికన్నా నోటాకే ఎక్కువ ఓట్లు వచ్చినా, అభ్యర్థుల్లో మొదటి స్థానంలో ఉన్నవారే గెలిచినట్టు. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రావాలి, ఆ లెక్కలోకీ నోటా ఓట్లు రావు. రాజ్యసభ ఎన్నికల్లోనూ దీన్ని కొన్నాళ్లు ఉంచారు. ఎమ్మెల్యేలు ఓటు వేసే ఆ ఎన్నికలకు ఇది తగదని 2018 ఆగస్టులో సుప్రీంకోర్టు తీసేసింది.

2014 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటా సుమారు 60 లక్షల మంది, 2019లో 65 లక్షల మంది, 2024లో దాదాపు 64 లక్షల మంది నోటా నొక్కారు. మూడుసార్లూ ఇది ఒక శాతం అటూ ఇటూగానే ఉంది. గిరిజన ప్రాంతాల్లో మాత్రం ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లోని అరకు నియోజకవర్గంలో 2019లో 48 వేలకు దగ్గరగా, 2024లో 50 వేలకు పైగా పడ్డాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లోనూ ఇదే ధోరణి. గుర్తులు తెలియక నొక్కి ఉంటారని కొట్టిపారేసేవారున్నారు. ఎన్నిక తర్వాత ఎన్నికలో అదే నియోజకవర్గం అదే మాట చెబుతుంటే, దాన్ని అమాయకత్వం కింద జమకట్టడం ఆ ఓటర్లను చిన్నచూపు చూడటమే అవుతుంది.

బ్యాలెట్ నిండా పేర్లు

నోటా లేని రోజుల్లో జనం తమ అసంతృప్తిని మరో తీరుగా చెప్పారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండలో 480 మంది బరిలోకి దిగారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోతున్న పల్లెల గోడు ఢిల్లీకి వినిపించాలని జలసాధన సమితి పిలుపు మీద నామినేషన్లు వేసినవారే వారిలో చాలామంది. గెలిచింది సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. అదే ఏడాది తమిళనాడులోని మొదకురిచి శాసనసభ స్థానంలో 1,033 మంది నిలబడ్డారు.

ప్రభుత్వం స్పందించింది, అభ్యర్థులను తగ్గించే దిశగా. అదే ఏడాది చట్టం సవరించి లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. 1996లో లోక్‌సభకు 13,952 మంది పోటీ చేస్తే 1998కి ఆ సంఖ్య 4,750కి పడిపోయింది. ఇప్పుడు డిపాజిట్ 25,000. అయినా 2019లో నిజామాబాద్‌లో 185 మంది పోటీ చేశారు. వారిలో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. సిట్టింగ్ ఎంపీ కల్వకుంట్ల కవిత ఓడిపోగా, ఆ రైతులు కోరుతున్న పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు రాసిచ్చిన ధర్మపురి అర్వింద్ గెలిచారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ఇన్ని పేర్లున్నా ఓటరు ముందున్న అసలు పోటీ మాత్రం రెండు మూడు పార్టీల మధ్యనే.

బీ-ఫారం

ఆ రెండు మూడు పేర్లు ఎవరివో పోలింగ్‌కు చాలా ముందే తేలిపోతుంది. నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం మూడు గంటల్లోగా రిటర్నింగ్ అధికారికి అందాల్సిన బీ-ఫారంపై పార్టీ నాయకత్వం అధికారమిచ్చిన ఒక్కరు సిరాతో చేసే సంతకమే దాన్ని నిర్ణయిస్తుంది. పార్టీ టికెట్ ఎవరికి ఇవ్వాలో సభ్యులు ఓటు వేసి తేల్చాలని ఏ చట్టమూ చెప్పదు. పార్టీల లోపల ప్రజాస్వామ్యం ఉండేలా చట్టం చేయాలని లా కమిషన్ 1999లో 170వ నివేదికలో చెప్పినా అది కాగితం మీదే మిగిలింది. క్రిమినల్ కేసులున్నవారికి టికెట్ ఎందుకిచ్చారో, కేసులు లేనివారు ఎందుకు దొరకలేదో పార్టీలు ప్రకటించాలని, గెలుస్తారన్న ఒక్క కారణం చాలదని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. నోటా కన్నా ఈ ఆదేశమే జబ్బు మూలానికి దగ్గరగా ఉంది.

సూరత్, ఇందౌర్

2024 లోక్‌సభ ఎన్నికల్లో సూరత్‌లో కాంగ్రెస్ అభ్యర్థిని ప్రతిపాదించినవారు నామినేషన్ పత్రాలపై ఉన్న సంతకాలు తమవి కావన్నారు. నామినేషన్ తిరస్కరణకు గురైంది. మిగిలినవారంతా ఉపసంహరించుకున్నారు. ఏప్రిల్ 22న బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 16 లక్షలకు పైగా ఓటర్లున్న చోట పోలింగే లేదు. ఒక్కరే మిగిలితే వెంటనే గెలిచినట్టు ప్రకటించాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 53(2) సెక్షన్ చెబుతోంది కాబట్టి నోటాకూ చోటు దొరకలేదు.

వారం తిరిగేసరికి ఇందౌర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ ఉపసంహరించుకుని బీజేపీలో చేరారు. అక్కడ మరికొందరు బరిలో మిగలడంతో పోలింగ్ జరిగింది. నోటాకు ఓటేయమని కాంగ్రెస్ ప్రచారం చేసింది. 2,18,674 ఓట్లతో నోటా రెండో స్థానంలో నిలిచింది, ఇది దేశంలోనే రికార్డు. ఆ చిన్నాచితకా అభ్యర్థులు కూడా తప్పుకుని ఉంటే ఈ రెండు లక్షల మంది నిరసన లెక్కకే వచ్చేది కాదు. తెలుగు రాష్ట్రాల్లో పంచాయతీల ఏకగ్రీవాలూ ఈ కోవలోనివే. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. ఊరి ఐక్యత పేరుతో ఓటరు హక్కును కొనే ఈ పద్ధతిని ఇంకా మంచి సంప్రదాయంగా చెప్పుకుంటున్నారు.

సంస్కరణ ప్రతిపాదనలు

నోటా గెలిస్తే ఎన్నిక రద్దు చేయాలన్నది ప్రధానమైన కోరిక. 2015లో లా కమిషన్ 255వ నివేదిక దీనికి ఒప్పుకోలేదు. 2018లో మహారాష్ట్ర, హర్యానా రాష్ట్ర ఎన్నికల సంఘాలు స్థానిక సంస్థల వరకు ఆ పని చేశాయి. నోటా మొదటి స్థానంలో ఉంటే మళ్లీ ఎన్నిక పెట్టాలని మహారాష్ట్ర, అందులో పాత అభ్యర్థులు నిలబడకూడదని హర్యానా ఆదేశించాయి. కొలంబియాలో ఖాళీ ఓటుకు సగం మించి వస్తే కొత్త అభ్యర్థులతో మళ్లీ ఎన్నిక జరపాలని రాజ్యాంగమే చెబుతుంది. 2011లో బెయ్యో నగర మేయరు పదవికి ఒకే ఒక్క అభ్యర్థి పోటీలో ఉన్నా పోలింగ్ జరిపారు. ఆయన ఖాళీ ఓటు చేతిలో ఓడిపోయారు. సూరత్ తర్వాత 53(2) సెక్షన్‌ను సవాలు చేస్తూ విధి సెంటర్ ఫర్ లీగల్ పాలసీ 2024లో సుప్రీంకోర్టులో పిటిషన్ వేసింది. ఒక్క అభ్యర్థే మిగిలినా, నోటా మీటతో సహా ఓటరు ముందు యంత్రం పెట్టాలన్నదే ఆ వాదన.