ఎండను బట్టి దుమ్ము లెక్క

గాలిలో తేలే ధూళి, పొగ, మసి, సముద్రపు ఉప్పు రేణువులు అన్నిటినీ కలిపి ఏరోసాల్స్ అంటారు. నేల మీద ఉండి వీటిని ఏళ్ల తరబడి కొలవడానికి ఎక్కువగా వాడే పరికరం సన్ ఫోటోమీటర్. సూర్యుడి వైపు గురిపెట్టిన సన్నని గొట్టం, దాని వెనుక రంగు ఫిల్టర్లు, వెలుతురును విద్యుత్తుగా మార్చే డిటెక్టర్ దీనిలోని ముఖ్య భాగాలు. వాతావరణం పైఅంచున ఉన్న ఎండలో ఎంత భాగం గొట్టం దాకా వచ్చిందో చూస్తే దారిలో ఎంత పోయిందో తెలుస్తుంది. అందులో గాలి అణువుల వాటా, ఓజోన్ వంటి వాయువుల వాటా తీసేస్తే మిగిలింది ఏరోసాల్స్ పద్దు. దాని పేరు ఏరోసాల్ ఆప్టికల్ డెప్త్. అది 0.1 అయితే నడినెత్తి సూర్యుడి వెలుగులో దాదాపు పదో వంతు ఏరోసాల్స్ వల్ల తగ్గినట్టు. 1 అయితే నేరుగా నేలకు చేరేది సుమారు 37 శాతమే.

మొదట్లో ఎండ జోలికి పోకుండా రేణువులనే లెక్కపెట్టారు. స్కాట్లాండ్‌కు చెందిన జాన్ ఐట్కెన్ 1880లలో తయారుచేసిన పరికరంలో తడిగాలి ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడేది. ఒక్కొక్క రేణువు చుట్టూ నీరు చేరి బొట్టయ్యేది. ఆ బొట్లు గళ్లు గీసిన చిన్న పలక మీద రాలితే, భూతద్దం పెట్టి గడికి ఎన్ని పడ్డాయో లెక్కించేవారు. బెన్ నెవిస్ కొండ మీది అబ్జర్వేటరీలోనూ ఇలాంటి లెక్కలు తీశారు. కళ్లు పీకే పని, పైగా చిక్కేది పరికరం ఉన్న చోటి గాలి మాత్రమే.

నెత్తిమీది గాలి మొత్తాన్ని కొలవాలంటే మళ్లీ ఎండే దిక్కు. గాలిలో ప్రయాణించిన దూరాన్ని బట్టి వెలుగు ఎలా తగ్గుతుందో 1729లోనే ఫ్రాన్స్‌లో పియర్ బూగేర్ చెప్పాడు. 1929లో స్వీడన్ శాస్త్రవేత్త ఆండర్స్ ఆంగ్‌స్ట్రామ్ ఏ రంగు వెలుగు ఎంత తగ్గుతుందో సూత్రంలో పెట్టాడు. సన్నని పొగ రేణువులు నీలి వెలుగును ఎక్కువగా అడ్డుకుంటాయి. ముతక ఇసుక ధూళి అన్ని రంగులనూ ఇంచుమించు ఒకే తీరున అడ్డుకుంటుంది. ఒక్క బొట్టునూ పట్టుకోకుండానే పైన ఉన్నది పొగో ధూళో చెప్పే వీలు దీనివల్లే కలిగింది.

1959లో ఫ్రెడెరిక్ వోల్జ్ చేత్తో పట్టుకునే సన్ ఫోటోమీటర్‌ను పరిచయం చేశాడు. ధర తక్కువ కావడంతో అది చాలా దేశాలకు పాకింది. దీనితో కొలతలు తీసిన భారత వాతావరణ శాఖ స్టేషన్లలో విశాఖపట్నం, కొడైకెనాల్, మినికాయ్, జోధ్‌పూర్ ఉన్నాయి. దీర్ఘకాలపు కొలతకు అసలు గండం ఈ పరికరంతోనే ఎదురైంది. ఏళ్లు గడిచేకొద్దీ ఫిల్టర్ పాతబడుతుంది. అప్పుడు ఆకాశం మసకబారిందో, అద్దమే మసకబారిందో తేల్చడం కష్టం. హవాయిలో సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉన్న మౌనా లోవా అబ్జర్వేటరీకి విలువ అందుకే. అక్కడి గాలి తేట. 1958 నుంచి సాగిన అక్కడి ఎండ రికార్డులో 1963 అగుంగ్, 1982 ఎల్ చిచోన్, 1991 పినటుబో అగ్నిపర్వతాల పేలుళ్ల తర్వాతి రేణువుల పొర పల్లాలుగా కనిపిస్తుంది.

1993లో నాసా గొడ్డార్డ్ కేంద్రంలో బ్రెంట్ హోల్బెన్ నాయకత్వాన మొదలైన ఏరోనెట్ అనే సన్ ఫోటోమీటర్ల నెట్‌వర్క్ ఈ గండానికి క్రమశిక్షణతో జవాబు చెప్పింది. అన్నిచోట్లా సిమెల్ అనే ఒకే ఫ్రెంచ్ కంపెనీ పరికరం. ప్రామాణిక పరికరాలను మౌనా లోవా వంటి ఎత్తైన చోట్ల సరిచూస్తారు, మిగతావాటిని సుమారు ఏడాదికోసారి వాటితో పోలుస్తారు. తనంతట తానే సూర్యుడి వెంట తిరిగే యంత్రం అర నిమిషానికోసారి చొప్పున మూడుసార్లు చూస్తుంది. మూడూ పొంతన లేకుండా ఉంటే మధ్యలో మబ్బు వచ్చినట్టే. పని లేనప్పుడు దుమ్ము చేరకుండా గొట్టాన్ని కిందికి వంచి ఉంచుతుంది. అయినా గొట్టంలో సాలీడు గూడు కడితే మనిషే వచ్చి తుడవాలి.

దీంతో ప్రాంతాల తేడాలు ఒకే గజంతో కొలిచినట్టు బయటపడ్డాయి. నైజర్‌లోని బనిజుంబులో సహారా ధూళి, బ్రెజిల్‌లోని ఆల్టా ఫ్లోరెస్టాలో ఆగస్టు, సెప్టెంబరు నెలల అడవి మంటల పొగ. 2001లో చేరిన కాన్పూర్‌లో రెండూ కనిపిస్తాయి, వేసవిలో ఎడారి ధూళి, చలికాలంలో సన్నని పొగ.

భారత్‌లో మరో పాయ 1980లలో మొదలైంది. తిరువనంతపురంలోని స్పేస్ ఫిజిక్స్ లేబొరేటరీ పది తరంగదైర్ఘ్యాల రేడియోమీటర్‌తో కొలతలు ప్రారంభించింది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి కేంద్రాల్లో ఒకటి. ఈ కేంద్రాలు ఇస్రో ఆధ్వర్యంలో ఆర్ఫినెట్‌గా ఎదిగాయి. తర్వాత అనంతపురం, హైదరాబాద్ కూడా చేరాయి. 2013లో వెలువడిన విశ్లేషణ ప్రకారం దేశంలో ఆప్టికల్ డెప్త్ 1985 నాటి విలువలో ఏడాదికి సుమారు 2.3 శాతం చొప్పున పెరిగింది. డిసెంబరు నుంచి మార్చి దాకా పొడి నెలల్లో ఆ పెరుగుదల అంతటా ఒకే దిశలో ఉంది. వేసవిలో, వానకాలంలో మాత్రం ఒక్కో ప్రాంతానిది ఒక్కో దారి.