గేహజీ పరుగు

యొర్దానులో మునిగి కుష్ఠు పోగొట్టుకున్న సిరియా సేనాధిపతి నయమాను, ప్రవక్త ఎలీషా వాకిట కానుకలతో నిలబడ్డాడు. పది తలాంతుల వెండి, ఆరువేల తులాల బంగారం, పది జతల బట్టలు వెంట తెచ్చాడు. ఎలీషా దేవుని పేరిట ఒట్టు పెట్టుకుని ఏదీ ముట్టనన్నాడు. రథం కదిలింది. పనివాడు గేహజీ మనసు మాత్రం ఆ రథం వెనకే పోయింది.

తృప్తి అంటే ఏమిటో తెలియనివాడా? అంతకుముందు షూనేము ఊళ్లో ఒక ఇల్లాలు ఎలీషా కోసం మేడమీద గది కట్టించింది. రాజుతో నీ తరఫున ఏమైనా చెప్పించాలా అని ఎలీషా ఆమెను అడిగించింది గేహజీ చేతనే. నావాళ్ల మధ్య ఉన్నాను, చాలు అన్నట్టు జవాబిచ్చిందామె. ఆమెకు బిడ్డలు లేరని గురువుకు గుర్తుచేసిందీ గేహజీయే. ఎదుటివారి కొరత అంత చక్కగా కనిపెట్టిన మనిషి!

ఇప్పుడు గురువులాగే అతనూ అదే దేవుని పేరిట ఒట్టు పెట్టుకున్నాడు, ఏదో ఒకటి పుచ్చుకునే వస్తానని. దురాశ మొదట భక్తి భాషలోనే మాట్లాడుతుంది కాబోలు. పరుగెత్తి రథాన్ని అందుకున్నాడు. ఎఫ్రాయీము కొండసీమ నుంచి ప్రవక్తల శిష్యులు ఇద్దరు వచ్చారని, వాళ్లకోసం ఒక తలాంతు వెండి, రెండు జతల బట్టలు ఇమ్మని అడిగాడు. తనకు కావాలని అడగలేక లేనివాళ్ల పేరు వాడుకున్నాడు. ఈ కథలో నాకు మింగుడుపడనిది ఇదే. నయమాను బతిమాలి రెండు తలాంతులు, అంటే సుమారు 70 కిలోల వెండి కట్టించాడు. మోసుకొచ్చిన మనుషులను కొండ దగ్గరే పంపేసి, అంతా ఇంట్లో దాచి, గురువు ముందుకొచ్చి ఎక్కడికీ పోలేదన్నాడు.

ఎలీషా అడిగింది వెండి గురించి మాత్రమే కాదు. ఒలీవ తోటలు, ద్రాక్షతోటలు, గొర్రెలు, ఎద్దులు, దాసదాసీలు సంపాదించుకునే సమయమా ఇది అన్నాడు. మూట ఇంకా విప్పనేలేదు, గేహజీ లోపల తోటలు కాపుకొచ్చేశాయి! నయమాను కుష్ఠు నీకూ నీ సంతతికీ అంటుతుందన్నాడు ప్రవక్త. మంచులా తెల్లబడిన ఒంటితో గేహజీ బయటికి నడిచాడు.

రాజుల రెండవ గ్రంథం 8వ అధ్యాయంలో అతను మళ్లీ కనిపిస్తాడు. ఇది అతనికి కుష్ఠు అంటకముందు జరిగిందా, తర్వాతా అని వ్యాఖ్యాతలు ఇప్పటికీ వాదించుకుంటారు. రాజు అడిగితే ఎలీషా చేసిన గొప్ప కార్యాలు చెబుతున్నాడు. సరిగ్గా అప్పుడే, కరవుకు ఏడేళ్లు ఫిలిష్తీయుల దేశంలో తలదాచుకుని తిరిగొచ్చిన షూనేము ఇల్లాలు తన ఇల్లూ పొలమూ ఇప్పించమని మొరపెట్టుకుంటూ వచ్చింది. ఈమే ఆమె, తర్వాత ఆమెకు పుట్టి, చనిపోతే ఎలీషా బతికించిన కొడుకు వీడే అని గేహజీ సాక్ష్యం చెప్పాడు. రాజు ఆమె ఆస్తితోపాటు, ఊరు విడిచిన నాటి నుంచి ఆ పొలం మీద వచ్చిన రాబడి కూడా ఇప్పించాడు.