నజర్ ఎటు నుంచి ఎటు?

మొన్న మా అమ్మీకి మోతియాబింద్ ఆపరేషన్ అయింది. పట్టీ విప్పగానే గోడ మీది క్యాలెండర్ కేసి చూసి "సబ్ సాఫ్ దిఖ్‌రా బేటా" అంది. ఇంటికొచ్చేసరికి మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ ఉంది. కంటి వెనక తెర మీద బొమ్మ పడుతుందని వెయ్యేళ్ల కిందటే ఇబ్నుల్ హైసమ్ కనిపెట్టాడట. కింద వరసగా మాషా అల్లాహ్‌లు. నేనూ ఒకటి పెట్టబోయి ఆగాను. ఆయన ఆ మాట అనలేదు.

మా బళ్లో సైన్స్ ఉర్దూలోనే. కార్నియాని ఖర్నియా అనేవాళ్లం, లెన్సుని అదసా, రెటీనాని శబ్కియా. ఖర్న్ అంటే కొమ్ము, అదస్ అంటే మసూర్ పప్పు, శబ్కా అంటే వల. తర్వాత తెలుగులో నేత్రపటలం అని రాయడం నేర్చుకున్నా, నాకు కన్నంటే ఇప్పటికీ కొమ్ము, పప్పు, వల. ఈ పేర్లు అరబ్బీ నుంచి ఉర్దూకి వచ్చాయి. కంటి గురించిన గ్రీకు ఇల్మ్‌ని అరబ్బీలోకి తెచ్చినవాళ్లలో పెద్దవాడు 9వ శతాబ్దపు బగ్దాద్ హకీమ్ హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్. ఆయన క్రైస్తవుడు. కంటి మీద పది రిసాలాలు రాశాడు.

కంటి నిర్మాణం సరే, మరి చూపు ఎలా కలుగుతుంది? యూక్లిడ్, టాలమీ లాంటి గ్రీకు ఉస్తాదులు కంట్లోంచి కిరణాలు బయటికెళ్లి వస్తువుని తాకుతాయన్నారు, చీకట్లో చేత్తో తడిమినట్టు. మన మాటల్లో ఆ ఖయాల్ ఇంకా బతికే ఉంది. నజర్ లగ్ గయీ అంటాం, చూపు విసిరాడంటాం.

ఇబ్నుల్ హైసమ్ సుమారు 965లో బస్రాలో పుట్టాడు. తర్వాత కైరో చేరాడు. నైలు నదిని అదుపు చేస్తానని ఖలీఫా అల్ హాకిమ్ దగ్గర ఒప్పుకుని, కాదని తెలిశాక పిచ్చివాడిలా నటించి ఇంట్లో నిర్బంధంలో గడిపాడని పాత చరిత్రకారులు చెబుతారు. ఏడు భాగాల 'కితాబుల్ మనాజిర్' రాసింది ఆయనే. అందులో ఆయన దలీల్ చాలా సాదా. సూర్యుణ్ణి చూస్తే కన్ను నొప్పెడుతుంది. వెలుగుని చూసి కళ్లు మూసుకున్నా దాని గుర్తు కాసేపు నిలుస్తుంది. అంటే వెలుగే బయటి నుంచి వచ్చి కంటి మీద పనిచేస్తోంది. వస్తువు మీది ప్రతి బిందువు నుంచీ వెలుగు తిన్నగా అన్ని వైపులకీ పోతుందన్నాడు. చీకటి గది రంధ్రం ఎదుట కొన్ని దీపాలు పెట్టాడు. ఒక దీపాన్ని కప్పితే లోపల గోడ మీద దాని వెలుగు మాత్రమే పోయింది. నోటిమాట కాదు, తజుర్బా.

గలతీ ఎక్కడంటే, ఆ వెలుగుని గ్రహించేది అదసాయే అనుకున్నాడు. అది గ్రీకు హకీమ్ జాలీనూస్ కాలం నుంచి వచ్చిన మాట. వలలాంటి శబ్కియా మీద తలకిందులుగా బొమ్మ పడుతుందని 1604లో చెప్పింది జర్మనీ ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లర్. ఆయనకీ దారి వేసింది లాటిన్‌లోకి వెళ్లిన ఈ కితాబే.

మోతియాబింద్ సంగతీ అంతే. కంట్లోకి నీరు దిగుతుందని పాత హకీములు నమ్మారు. మా అమ్మీ కూడా "ఆంఖ్ మే పానీ ఉతర్ గయా" అనే అనేది. మసకబారేది అదసాయేనని 18వ శతాబ్దం మొదట్లోగానీ తేలలేదు. మా అమ్మీ కంట్లోంచి డాక్టర్ తీసేసింది ఆ అదసానే. చూపుకి మూలం అదే అయ్యుంటే ఆమెకి ఇక చీకటే కదా.

గ్రూపులో ఇదంతా ఉర్దూలో రాశాను. ఒక చాచా వెంటనే అడిగారు, "అంటే మన బుజుర్గ్ తప్పంటావా?"

"ఒక చోట తప్పే చాచా. అది చెబితే ఆయన ఇజ్జత్ తగ్గదు. టాలమీ అంతటివాడిలో తప్పులు వెతికి 'షుకూక్' అని ఏకంగా కితాబే రాశాడాయన. పెద్దలు రాశారు కదా అని నమ్మొద్దు, షక్ చెయ్యండి, తన మీద తానూ గుమానీ ఉంచుకోండి అన్నది ఆయన సబక్. తెర మీది బొమ్మ ఘనత ఆయనకి కట్టబెడితే, ఆయన నిజంగా చేసింది మన పిల్లలకి తెలియకుండా పోతుంది" అన్నాను.

చాచా జవాబు ఇంకా రాలేదు. అమ్మీ మాత్రం ఫోన్ తీసుకుని మెసేజ్ అంతా తనే చదువుకుంది. రెండేళ్లుగా నాతో చదివించుకునేది.